ఫ్రీలింగుహైజన్ వంశావళీ విమర్శనము

రాజవంశముల చరిత్రము వ్రాయువారికి శాసనములు, కైఫీయతులు, కావ్యావతారికలు సాధనము లగుచున్నవి. రాజులు లేని దేశమున వంశచరిత్ర మెట్లుండును? దాని కేవి సాధనములు? అమెరికా సంయుక్తరాష్ట్రముల రాజ్యాంగశాసనము కులీనబిరుదముల నొసఁగుటనే నిషేధించినది. జన్మమువలన నధికారము రాదని యా దేశపు సిద్ధాంతము. అయినను నచ్చటఁ గొన్ని కుటుంబములవారు తరతరములుగాఁ బ్రజలచే నెన్నుకొనఁబడి యధికారము వహించుచు వచ్చిరి. అట్టివానిలో న్యూజెర్సీ రాష్ట్రమందలి ఫ్రీలింగుహైజన్ కుటుంబ మొకటి. 1793 మొదలు 2019 వఱకుఁ గల 226 సంవత్సరములలో నీ కుటుంబమునుండి నలుగురు సెనేటు సభ్యులును, ఇరువురు ప్రతినిధిసభాసభ్యులును బయలుదేఱిరి. నగరాధ్యక్షత, పురపాలకసభ్యత్వము, మండలాధికారము, రాష్ట్రశాసనసభాసభ్యత్వము మున్నగు స్థానికపదవులు వీరు వహించినవి వేఱు.

ఈ వంశము విశేషించి విచారింపఁదగి యున్నది. ఒకే నామము పలుమాఱు వచ్చుటచే వ్యక్తినిర్ణయము క్లిష్టమైనది. నడుమ నొక దత్తత గలదు. అంతకంటె ముఖ్యముగా, వంశవృక్షమునఁ బేరు లేనివాఁ డొకఁడు మూలపురుషుని గృహమునకు సాక్షియై యున్నాఁడు.

వంశనామము

ఈ కుటుంబపుఁ బూర్వనామము ఫ్రీలింగుహౌసు. ఇది జర్మనుదేశమందలి వెస్టుఫేలియా ప్రాంతపు రూపము. ఇందలి యుత్తరపదమునకు గృహమని యర్థము. మూలపురుషుఁడు డచ్చిసంఘమునఁ బౌరోహిత్యము వహించుటచే నది డచ్చిభాషారూపమును దాల్చి ఫ్రీలింగుహైజన్ అయ్యెను. తెలుఁగువారు వంశనామము నింటిపే రందురు; ఇచ్చట నింటిపేరునందే యిల్లు గలదు. ఇది యాదృచ్ఛికసామ్యమే కాని సంబంధసూచకము గాదు. ఈ నామమునకే మూఁడవ రూపము వేఱొకటి గలదు. అది యీ విమర్శనాంతమునఁ జూపఁబడును.

వ్యక్తినామములలో ఫ్రెడరిక్ అనునది మాటిమాటికి వచ్చుచున్నది. 1753 లోఁ బుట్టిన ఫ్రెడరిక్ మొదటివాఁడు. 1788 లోఁ బుట్టిన యాతని కుమారుఁడును ఫ్రెడరిక్కే. 1817 లోఁ బుట్టిన మనుమఁడు ఫ్రెడరిక్ థియొడోరు. 1848 లోఁ బుట్టిన మునిమనుమఁడు మరల ఫ్రెడరిక్. వేఱొక శాఖయందు ఫ్రెడరిక్ జాన్ అనువాఁ డింకొకఁడు. థియొడోరు నామమును నిట్లే మరల మరల వచ్చినది. తాతపేరు మనుమనికిఁ బెట్టు నాచారము తెలుఁగునాఁట సుపరిచితము గనుక నిది వింతగాఁ దోఁపదు. కాని సంవత్సరములను విడిచి పేరు మాత్రమే చెప్పినచో, ఒకని కార్యము వేఱొకనిపైఁ బడును.

ఇట్టి సందేహమును నివారించుటకే పాణిని యపత్యార్థమున సంజ్ఞాభేదమును గల్పించెను. ఆ శాస్త్రమునఁ బౌత్రుఁడు మొదలుకొని సంతతికి గోత్రసంజ్ఞ. పౌత్రుని సంతతియందలివానికి, వంశమందలి పెద్ద జీవించి యుండఁగా, యువసంజ్ఞ. గర్గుని పౌత్రుఁడు గార్గ్యుఁడు. ఆ పెద్ద బ్రదికియుండఁగా నాతని కుమారుఁడు గార్గ్యాయణుఁడు. అమెరికనులు తండ్రీకొడుకుల కొకటే పేరైనపుడు కొడుకు పేరునకుఁ జివర జూనియరు అను శబ్దమును జేర్తురు. లక్షణము వేఱైనను బ్రయోజన మొక్కటే. పెద్ద యుండఁగాఁ బిన్నవానిని వేఱు చేసి చెప్పుట. ఈ వంశమున పీటరు జూనియరు, జోసెఫు జూనియరు అను వ్యవహార మిట్లు గలిగినదే.

మూలపురుషుఁడు

వంశమూలమైన థియొడోరస్ జాకొబస్ ఫ్రీలింగుహైజన్ వెస్టుఫేలియాయందు 1692 ప్రాంతమున జనించి, 1720 లో సముద్రముదాఁటి న్యూజెర్సీయందలి రారిటను నదీతీరమునకు వచ్చెను. ఆ లోయలో వ్యవసాయము చేసికొని బ్రదుకు డచ్చివారికి మతాచార్యుఁడై యుండుట కాతఁడు పంపఁబడెను. ఆచారమాత్రముచేఁ దృప్తినొందక, హృదయమునఁ బరివర్తనము లేనివానికిఁ బ్రభుభోజనసంస్కారమున నర్హత లేదని యాతఁడు నిష్ఠురముగా బోధించెను. ఊరిలోఁ బెద్దలని పేరుగొన్నవారినిఁ గూడ నిరాకరించెను. దాని ఫలముగా 1725 లో నాతని ప్రత్యర్థు లాతనిపై దీర్ఘమైన యభియోగపత్రమును డచ్చిభాషయం దచ్చొత్తించిరి. ఆ మీఁదటి తరమున నమెరికాయందు వ్యాపించిన మహామతోద్బోధమున కీతఁడు మార్గదర్శి యని, ఆ యుద్యమమునఁ బ్రసిద్ధుఁడైన వైటుఫీల్డు ప్రశంసించెను. నింద చేసినవారు, స్తుతి చేసినవారు నిరువురును నీతని పట్టుదల విషయమున నేకాభిప్రాయులు.

ఈతఁడు 1747 ప్రాంతమునఁ గాలధర్మము నొందెను. ఈతని కైదుగురు కుమాళ్లు, ఐదుగురును మతాచార్యులైరి. ఇరువురు కూఁతులు మతాచార్యులనే పెండ్లాడిరి. ఇంత సంతతి గలవాని వంశము విస్తరింపవలసినది. కాని విధి వేఱుగా నుండెను. జాకొబస్, ఫెర్డినాండస్ అను నిరువురు హాలండునఁ బౌరోహిత్యదీక్ష గైకొని 1753 లో మరలి వచ్చుచు మసూచికముచే నోడలోనే మృతులైరి. జ్యేష్ఠుఁడైన థియొడోరు 1759 లో నాల్బనీ నగరమునుండి హాలండునకుఁ బోయి మరల రాలేదు. వంశమునకు నిలిచిన తంతువు జాన్ అను నొక్క కుమారుఁడే.

ఏకతంతువు

జాన్ హాలండునఁ జదువుచు నాంస్టర్‌డాము నగరవాసిని యగు డైనా వాన్ బెర్గును వివాహమాడి, ఆమెతోఁ గూడ న్యూజెర్సీకి వచ్చెను. సోమర్విల్లుగ్రామమున 1751 లో వీరికై కట్టఁబడిన యిటుకయిల్లు నేఁటికిని సంరక్షింపఁబడుచున్నది. డైనా తన వివాహమునకుఁ బూర్వము డచ్చిభాషలో వ్రాసికొన్న యాధ్యాత్మిక దినచర్య యొకటి నిలిచి యున్నది. జాన్ 1754 లో, ఇరువదియేడేండ్ల ప్రాయమున, నకస్మాత్తుగా మరణించెను. అప్పటికిఁ గుమారుఁడైన ఫ్రెడరిక్కునకు రెండేండ్లు నిండలేదు.

విధవయైన డైనా శిశువులతో స్వదేశమునకుఁ బోవఁదలఁచెను. ఆమె మగని శిష్యుఁడును, ఆమెకంటెఁ బదేండ్లకుఁ బైఁగాఁ జిన్నవాఁడును నైన జాకబు హార్డెన్‌బర్గు వివాహమునకై యర్థింపఁగా, మొదట విస్మయమునొంది, పిదప నంగీకరించెను. వారి వివాహము 1756 లో జరిగెను. ఆ హార్డెన్‌బర్గే 1766 లో నధికారపత్రమును బొందిన క్వీన్సు కళాశాలకుఁ బ్రథమాధ్యక్షుఁడు. అదియే నేఁడు రట్గర్సు విశ్వవిద్యాలయము. పితృహీనుఁడైన ఫ్రెడరిక్ మాఱుతండ్రి యింటఁ బెరిగి, 1770 లోఁ బ్రిన్సుటను కళాశాలయందుఁ బట్టము నొంది, 1771 లో నా క్వీన్సు కళాశాలకే ప్రథమోపాధ్యాయుఁ డయ్యెను. ఆ స్త్రీ యోడ యెక్కి పోయియున్నచో న్యూజెర్సీయం దీ వంశమునకుఁ బేరే యుండెడిది కాదు. వంశవృక్షముల నామె పేరు కేవలము ఫలానివాని భార్య యని యొక మూలనుండును.

ఈ ఫ్రెడరిక్ పౌరోహిత్యమును విడిచి న్యాయవాదియైన మొదటి ఫ్రీలింగుహైజన్. స్వాతంత్ర్యసమరమున సైనికాధికారియై, ఖండకాంగ్రెసునఁ బ్రతినిధియై, 1793 లో సెనేటుసభ్యుఁడై, 1796 లో నా పదవిని విడిచెను. ట్రెంటను యుద్ధమున శత్రుసేనాపతియగు రాలునకుఁ బ్రాణాంతకమైన దెబ్బ యీతని చేతనే తగిలె నని కుటుంబైతిహ్యము. యుద్ధరంగమున నెవని గుండు తగిలెనో నిర్ణయించు ప్రమాణ మేదియు లేదు. కావున నిది యైతిహ్యముగనే యుంచఁదగును. ఏప్రిలు 13 న జనించిన యీతఁడు 1804 లో నదే దినమున మరణించెను. ఈతని కుమాళ్లు మువ్వురు చరిత్రమునకుఁ గావలసినవారు: సైన్యాధికారియు రాష్ట్రశాసకుఁడు నైన జాన్ (1776-1833), థియొడోరు (1787-1862), ఫ్రెడరిక్ (1788-1820).

థియొడోరు

వంశమున నందఱికంటెఁ బ్రసిద్ధుఁడు థియొడోరు. ఈతఁడు 1817 మొదలు 1829 వఱకు రాష్ట్రపు అటార్నీ జనరలుగను, 1829 మొదలు 1835 వఱకు సెనేటు సభ్యుఁడుగను, 1837-38 లో న్యూఆర్కు నగరాధ్యక్షుఁడుగను నుండెను. పిదప న్యూయార్కు విశ్వవిద్యాలయమునకు 1839 మొదలు 1850 వఱకుఁ జాన్సలరుగను, అటుపిమ్మట మరణపర్యంతము రట్గర్సు కళాశాలాధ్యక్షుఁడుగను నుండెను.

ఈతని కీర్తి కాధారమైన కార్య మీతఁ డోడిపోయిన కార్యము. 1830 లో నధ్యక్షుఁడైన జాక్సను పక్షమువారు, చెరోకీలు మొదలైన స్థానికజాతులను వారి పూర్వభూములనుండి తొలఁగించి మిసిసిప్పీనదికిఁ బడమరకుఁ బంపు శాసనమును సభయందుఁ బెట్టిరి. థియొడోరు దానికిఁ బ్రతికూలముగా మూఁడు దినములు, మొత్త మాఱుగంటలు, ప్రసంగించెను. ఆ జాతులతో సంయుక్తరాష్ట్రములు సంధిపత్రములు వ్రాసికొన్నవి. సంధి చేసికొనుటయే వారి స్వామ్యము నంగీకరించుట. బలవంతుఁడు తన మాటఁ దప్పినచో నాతఁడు బలవంతుఁ డగునుగాని న్యాయవంతుఁడు గాఁడని యాతని వాదసారము. సభ వినెను, కాని 28 మంది శాసనమునకు ననుకూలముగను, 19 మంది ప్రతికూలముగను మత మొసఁగిరి. ప్రతినిధిసభయం దది 102 కు 97 గా గెలిచెను. మే 28 న జాక్సను సంతకము చేసెను. కొన్ని యేండ్లకుఁ జెరోకీలు సైనికుల కాపుదలలో నడిపింపఁబడి, త్రోవలో వేలకొలఁది మరణించిరి.

1844 లో హెన్రీక్లే యధ్యక్షపదవికిఁ బోటీచేయఁగా, థియొడోరు ఉపాధ్యక్షస్థానమునకు నిలిచెను. పోల్కు పక్షమునకు 170, వీరి పక్షమునకు 105 మతములు వచ్చెను. స్వరాష్ట్రమైన న్యూజెర్సీ వీరినే వరించెను. ఈతని యందుఁ బరిమితియుఁ గలదు. బానిసత్వము నధర్మ మనుచునే, విముక్తులైన నీగ్రోల నాఫ్రికాకుఁ బంపవలె నను సంఘము నీతఁడు సమర్థించెను. స్థానికజాతులను వారి భూమినుండి పంపరా దనినవాఁడే, అమెరికాలోఁ బుట్టినవారిని సముద్రముదాఁటి పంపవచ్చు ననుట పూర్వాపరవిరుద్ధము. గుణకథనము చేయువాఁ డీ విరోధమును గప్పిపుచ్చరాదు.

దత్తత

థియొడోరునకు సంతానము లేదు. తమ్ముఁడైన ఫ్రెడరిక్ 1820 లో మరణింపఁగా, ఆతని మూఁడేండ్ల కుమారుఁడైన ఫ్రెడరిక్ థియొడోరును దెచ్చి పుత్రునిగాఁ బెంచెను. ఈ విషయమునఁ గొందఱు దత్తత యనియుఁ, గొందఱు పోషణ మనియు వ్రాయుదురు. నిర్ణయమున కా దేశపు ధర్మమే ప్రమాణము. ఆంగ్లేయుల సామాన్యధర్మమున దత్తపుత్రుఁ డనుమాట లేదు. అమెరికాయందు దత్తతను విధించిన సమగ్రమైన మొదటి రాష్ట్రశాసనము మాసచుసెట్సువారిది. అది 1851 నాఁటిది. కాఁబట్టి 1820 లో జరిగినది శాసనసిద్ధమైన దత్తత గానేరదు; స్నేహసిద్ధమైన పుత్రస్వీకారము.

హైందవధర్మశాస్త్రమున నిట్టిచోట సంకోచము లేదు. సోదరులలో నొకనికిఁ బుత్రుఁడున్న నందఱును బుత్రవంతులే యని మనుమతము. దానిని గ్రహించియే దత్తకమీమాంసాకారుఁడు దత్తతకు భ్రాతృపుత్రుని ముఖ్యునిగా విధించెను. శాస్త్రము దెలియని థియొడోరు శాస్త్రము చెప్పినదానినే చేసెను. దీనికి లోకమునఁ గల వాత్సల్యమే హేతువు. శాస్త్రము దాని ననువదించినది. భ్రాతృపుత్రుఁడే పుత్రుఁ డగుటచే నౌరసరేఖకును, స్వీకృతరేఖకును బీజపురుషుఁ డొక్కఁడే. వంశవృక్షమునకు భంగము లేదు.

ఫ్రెడరిక్ థియొడోరు

ఈతఁడు పెదతండ్రియొద్దనే న్యాయశాస్త్రము నేర్చి, 1839 లో నాతని వ్యవహారములను జేకొనెను. 1849 లో న్యూఆర్కు నగరపు న్యాయవాది, మఱుసటి యేఁడు పురపాలకసభ్యుఁడు, 1861 మొదలు 1866 వఱకు రాష్ట్రపు అటార్నీ జనరలు. 1866-69 లోను, 1871-77 లోను సెనేటుసభ్యుఁడు. 1881 డిసెంబరు మొదలు 1885 మార్చి వఱకు నధ్యక్షుఁడైన ఆర్థరునకు విదేశాంగమంత్రి. పదవి దిగిన రెండు మాసములకే న్యూఆర్కున మరణించెను. ఊరి వ్యవహారమునుండి దేశాంతర వ్యవహారము వఱకు మెట్టు మెట్టుగా నెక్కినవాఁ డగుటచే, ఈతని చరిత్ర మీ వంశపుఁ బద్ధతికి నిదర్శనము.

ఈతని సెనేటుకార్యములలో నొకటి విస్మరింపరానిది. నీగ్రోలకు సత్రములయందు, బండ్లయందు, నాటకశాలలయందు సమానహక్కు లొసఁగు శాసనమును జార్లెసు సమ్నరు ప్రతిపాదించి, 1874 లో నది నెఱవేఱకమున్నే మరణించెను. సెనేటున దానిని నడపు భార మీతనిపైఁ బడెను. 1875 లో నది శాసన మయ్యెను. 1883 లో నత్యున్నతన్యాయస్థానము దానిలో ముఖ్యభాగమును గొట్టివేసెను. పెంచిన తండ్రి 1830 లో నోడెను. పెంపుడు కొడుకు 1875 లో గెలిచి, గెలిచినదానిని పోఁగొట్టుకొనెను.

ఉత్తరశాఖలు

సైన్యాధికారియైన జాన్ శాఖయందు, ఫ్రెడరిక్ జాన్ కుమారుఁడైన జోసెఫు షెర్మను (1869-1948) రాష్ట్రసెనేటునకు 1909-10 లో నధ్యక్షుఁడై, 1917 మొదలు 1923 వఱకు సంయుక్తరాష్ట్రముల సెనేటున సభ్యుఁడయ్యెను. 1921 జూలై 2 న నధ్యక్షుఁడైన హార్డింగు రారిటనులోని యీతని యింటికి వచ్చియున్నపుడు, జర్మనీ, ఆస్ట్రియాహంగేరీలతోడి యుద్ధస్థితి ముగిసినదని తెలుపు తీర్మానముపై సంతకము చేసెను. ఒక మహాయుద్ధము పల్లెటూరి యింటిలో ముగిసినది.

ఫ్రెడరిక్ థియొడోరు శాఖయందు జార్జి గ్రిజ్వల్డు (1851-1936), ఆతని కుమారుఁడు పీటరు (1882-1959) ధనికులైనను రాజకీయపదవులను గోరలేదు. ఆ పీటరు కుమారుఁడైన పీటరు జూనియరు (1916-2011) 1953 మొదలు 1975 వఱకుఁ బ్రతినిధిసభయందుండెను. ఆతని కుమారుఁడు రోడ్నీ 1946 లోఁ బుట్టి, 1974 మొదలు మోరిస్ మండలపాలకసభయందును, 1983 మొదలు రాష్ట్రశాసనసభయందును బనిచేసి, 1995 మొదలు 2019 వఱకుఁ బ్రతినిధిసభ్యుఁడై, తుదిని ధనవినియోగసంఘమున కధ్యక్షుఁడై, 2018 లోఁ బోటీనుండి తొలఁగెను. ఆ స్థాన మంతట నితరపక్షమునకుఁ బోయెను. జార్జి మోరిస్టౌనునఁ గట్టించిన భవనమును, తోటయు నేఁడు ప్రజల వృక్షోద్యానము.

దౌహిత్రసంతతి

ఇంటిపేరునే యనుసరించి లెక్కించువారు కూఁతుల సంతతిని విడిచెదరు. ఫ్రెడరిక్ థియొడోరు కూఁతురైన సారాహెలెను జాన్ డేవిసును బెండ్లాడెను. వారి కూఁతురు మెటిల్డా కవియైన జార్జికాబటు లాడ్జికి భార్య. ఆ దంపతుల కుమాళ్లే సెనేటుసభ్యుఁడును, ఐక్యరాజ్యసమితియందుఁ బ్రతినిధియు నైన హెన్రీకాబటు లాడ్జి జూనియరు, కనెక్టికటు గవర్నరైన జాన్ డేవిసు లాడ్జి. 1844 లో థియొడోరు నిలిచిన యుపాధ్యక్షస్థానమునకే 1960 లో హెన్రీకాబటు లాడ్జి నిలిచి, ఆయనవలెనే యోడెను. శ్రాద్ధమున దౌహిత్రునకుఁ జోటిచ్చిన ధర్మశాస్త్రము నెఱిఁగినవారి కీ శాఖను విడుచుట యుక్తముగాఁ దోఁపదు.

వంశావళియందు లేని సాక్షి

మూలపురుషుఁడైన థియొడోరస్ జాకొబస్ గృహమున ఉకాసా గ్రోనియోసా అను నాఫ్రికావాఁ డుండెను. ఈతఁడు బోర్నూదేశమునఁ బుట్టి, బాల్యముననే యమ్మఁబడి, న్యూయార్కునకుఁ జేర్పఁబడి, యా మతాచార్యునిచేఁ గొనఁబడెను. హృదయపరివర్తనము లేనివారికి సంస్కారము లేదని యూరిపెద్దలను నిరాకరించిన యాచార్యుఁడు మనుష్యుని వెలకుఁ గొనుటలో దోషమును జూడలేదు. యజమానుఁడు మరణకాలమున నీతనికి విముక్తి నిచ్చెను. గ్రోనియోసా యజమానురాలికిఁ, బిదప నామె కుమాళ్లకును సేవచేసి, వారందఱును బోయిన పిమ్మట నింగ్లండునకుఁ జేరి, నేఁతపనిచేయు స్త్రీని వివాహమాడి, దారిద్ర్యమునఁ గాలము గడపెను. ఈతఁడు చెప్పఁగా నొక స్త్రీ వ్రాసిన యాత్మకథ 1772 ప్రాంతమున బాతునగరమున నచ్చుపడెను. ఆఫ్రికాబానిస యాంగ్లమునఁ బ్రకటించిన గద్యజీవితములలో నది మొదటిదిగా నెన్నఁబడుచున్నది.

ఆ గ్రంథమున యజమానుని పేరు ఫ్రీలాండుహౌసు అని యున్నది. ఇదియే ముందు చెప్పిన మూఁడవ రూపము. డచ్చినామమును జెవితో విన్న యాంగ్లేయులు దానిఁ దమ భాషలోని పదములుగా విఱిచికొనిరి. శాబ్దికులు దీనిని లోకనిరుక్తి యందురు. ఆ విఱుపున నామమునకు స్వేచ్ఛాభూమియందలి గృహ మను నర్థము పుట్టినది. దాసుఁడై యుండినవాని గ్రంథమున నాతని దాస్యగృహమున కట్టి పేరు నిలిచినది. ఇది బుద్ధిపూర్వకమైన వక్రోక్తి యని చెప్పరాదు; వ్రాఁతలో దొరలిన ధ్వనివికారమే.

కాని సాక్ష్యముగా దాని విలువ కొంచెము గాదు. మూలపురుషుని కైదుగురు కుమాళ్లనియు, వారందఱును మతాచార్యులనియు, స్వల్పకాలములోనే వారు గతించిరనియు నీ గ్రంథము చెప్పుచున్నది. వంశస్థులు కూర్చిన వంశవృక్షము చెప్పుమాటయు నదియే. ఇంటిలోఁ బుట్టినవారి లెక్క కింటిలోఁ గొనఁబడినవాని మాట ప్రమాణమైనది. ఈ సంగతికిని, 1875 నాటి శాసనమునకును గార్యకారణభావము గల్పించుట తగదు. మనుమని మనుమఁడు మూలపురుషుని ఋణమును దీర్చెనని చెప్పుట పౌరాణికుల పద్ధతి. చరిత్రము చెప్పఁగలిగిన దింతే: ఒకే యింటిపేరు గలవారు మనుష్యునిఁ గొనిరి, మనుష్యులకై వాదించిరి, గెలిచిరి, ఓడిరి. ఎవఁ డేది చేసెనో సంవత్సరముతోఁ జెప్పుటయే వంశావళీకారుని ధర్మము. ఆ ధర్మము నెఱవేఱవలెనన్న ఫ్రీలింగుహైజన్ వంశవృక్షము మొదట, శాఖగాఁ గాకపోయినను సాక్షిగానైన, గ్రోనియోసా పేరు వ్రాయవలసియున్నది.